కావ్యంలోని బురద – చిత్రంలోని నీరు: డెలాక్రువా ‘డాంటే పడవ’ పరిశీలన

ప్రవేశిక:

కావ్యసన్నివేశాన్ని చిత్రించిన కళాకారుణ్ణి మూలవిధేయత అనే ఒకే కొలమానంతో అంచనా వేయడం తులనాత్మక అధ్యయనంలో సులభమైన మార్గం. ఆ కొలమానం ఎక్కడ చాలదో ఫ్రెంచి చిత్రకారుడు యూజీన్ డెలాక్రువా (1798–1863) తైలవర్ణచిత్రం ‘డాంటే పడవ’ స్పష్టం చేస్తుంది. ఆయన పారిస్ సలోన్ ప్రదర్శనకు పంపిన తొలి చిత్రమిది. 1822లో ప్రదర్శితమైన ఈ చిత్రాన్ని ప్రభుత్వమే కొనుగోలు చేసింది. ప్రస్తుతం ఇది లూవ్ర్ మ్యూజియంలో ఉంది. చిత్రకారుడు మూలంలో చేసిన మార్పులవల్ల కలిగిన లాభనష్టాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూలసన్నివేశం:

డాంటే ‘డివైన్ కామెడీ’లోని నరకఖండం ఎనిమిదో సర్గ ఈ చిత్రానికి ఆధారం. క్రోధపరులు శిక్ష అనుభవించే స్టిక్స్ అనే బురదమడుగును డాంటే, వర్జిల్ పడవలో దాటుతుంటారు. పడవ నడిపేవాడు ఫ్లెగియాస్. బురద నిండిన ఒక పాపి అడ్డుపడతాడు. నీవెవరని అడిగితే పేరు చెప్పడు. తాను విలపించేవాణ్ణని మాత్రమే అంటాడు. అతడు ఫ్లోరెన్స్‌కు చెందిన ఫిలిప్పో అర్జెంటి. బురదలోనూ అతణ్ణి గుర్తుపట్టిన డాంటే తీవ్రంగా నిందిస్తాడు. పడవను పట్టుకోబోయిన అతణ్ణి వర్జిల్ నెట్టివేసి, డాంటేను కౌగిలించుకొని మెచ్చుకుంటాడు. ఆ పాపి మళ్లీ మడుగులో మునగడం చూడాలని డాంటే కోరుకుంటాడు. ఆ కోరిక నెరవేరుతుంది.

చిత్రకారుని మార్పులు:

డెలాక్రువా చిత్రంలో పాపి ఒక్కడు కాదు. పడవ చుట్టూ అనేక నగ్నదేహాలు పెనుగులాడుతుంటాయి. వారిలో ఒకడు పడవ అంచును పళ్లతో కొరుకుతాడు. క్రోధపరులు పరస్పరం పళ్లతో చీల్చుకునే వర్ణన ఏడో సర్గలోనిది. ఆ సమూహపు ఆవేశాన్ని చిత్రకారుడు ఎనిమిదో సర్గలోని పడవ దగ్గరకు తెచ్చాడు.

రెండో మార్పు డాంటే పాత్రలో ఉంది. ఎర్రని తలగుడ్డతో, చేయి పైకెత్తి, తూలుతూ నిలబడిన ఈ డాంటే ముఖంలో ఆగ్రహం లేదు. రసపరిభాషలో చెప్పాలంటే, మూలంలోని రౌద్రం ఇక్కడ భయానకంగా మారింది.

మూడో మార్పు అన్నిటికన్నా ముఖ్యమైనది: బురద మాయమైంది. కావ్యంలో బురద పాపానికి చిహ్నం; మనిషిని అసహ్యంగా చూపే ముసుగు. చిత్రంలోని దేహాలు మాత్రం నీటిలో తడిసి, పాలిపోయి, కండరాలతో సహా స్పష్టంగా కనిపిస్తాయి. ఆ దేహాలపై జారే నీటిబొట్లను వేర్వేరు శుద్ధవర్ణాలతో తీర్చడంలో రూబెన్స్ ప్రభావాన్ని కళాచరిత్రకారులు గుర్తించారు. ముసుగు తొలగగానే అసహ్యం తగ్గి, బాధ కనిపిస్తుంది. కావ్యం నిరాకరించిన కరుణకు చిత్రం తావిచ్చింది.

ఇది కేవలం నగ్నదేహచిత్రణ నైపుణ్యప్రదర్శన అనే ఆక్షేపణకు అవకాశముంది. జెరికో 1819లో ప్రదర్శించిన ‘మెడూసా తెప్ప’ చిత్రానికి డెలాక్రువా స్వయంగా నమూనాగా నిలిచాడు. ఆ ప్రభావం ఇక్కడ కాదనలేనిది. అయితే తెప్పపైనున్నవారు రక్షణకోసం ఎదురుచూసే నిరపరాధులు. ఇక్కడివారు శిక్షితులు. బాధితుల కోసం రూపొందిన దృశ్యభాషను దోషులకు వర్తింపజేయడమే డెలాక్రువా చేసిన సాహసం.

లాభనష్టాలు:

ఈ సాహసానికి మూల్యం కూడా ఉంది. క్రోధులు శిక్షింపబడే చోట డాంటే తానే క్రోధంతో మాట్లాడతాడు. ధర్మాగ్రహానికీ పగకూ మధ్యనున్న గీత ఎక్కడ అనే ప్రశ్నను ఆ సర్గ పాఠకునికి వదులుతుంది. డాంటేను భీతుడైన ప్రేక్షకునిగా మార్చడంతో చిత్రంలో ఆ ప్రశ్న లుప్తమైంది. పాపులపట్ల జాలి లభించింది. తీర్పరి ఆత్మపరీక్ష పోయింది.

ఉపసంహారం:

కాబట్టి ‘మూలంలో ఉన్నదా, లేదా’ అనే విచారణ వద్ద విమర్శ ఆగకూడదు. మార్పు మూలకావ్యాన్ని మళ్లీ ఎలా చదివిస్తున్నదో పరిశీలించాలి. ఈ చిత్రాన్ని చూసి ఎనిమిదో సర్గకు తిరిగి వెళ్లిన పాఠకుడు వర్జిల్ కౌగిలిని మునుపటంత నిశ్చింతగా స్వీకరించలేడు. మూలాన్ని అనుసరించిన చోట కన్నా, దానితో విభేదించిన చోటనే డెలాక్రువా ఆ కావ్యానికి గట్టి వ్యాఖ్యాత అయ్యాడు.