కళాకారులకో పుట్టిల్లు

కళాకారుడికి కూడా ఒక పుట్టిల్లు కావాలి. చమత్కారానికి అంటున్న మాట కాదిది. ఆషాఢమాసంలో పుట్టింటికి వచ్చిన కొత్త పెళ్ళికూతుర్ని చూడండి. వేళకి ఇంత అన్నం పెడతారు. ఎప్పుడు లేచావనీ, పొద్దుటినుంచీ ఏం చేశావనీ ఎవరూ అడగరు. నెల తిరిగేసరికి ఆ పిల్ల ముఖంలో ఓ తేటదనం వస్తుంది. చిత్రకారుల లోకంలో ‘రెసిడెన్సీ’ అని తరచు వినిపిస్తున్నదే, అది సరిగ్గా ఇలాంటి ఏర్పాటు. ఉండడానికో గది, పని చేసుకోవడానికింత చోటు, నాలుగు దేశాల కళాకారుల తోడు. బొమ్మ అమ్ముడుపోతుందా లేదా అన్న బెంగ ఆ కొద్దిరోజులూ ఉండదు.

బాగానే ఉంది. కానీ అక్కడ పుట్టిన కళకీ, వంటింట్లో నిలబడి ఈ పత్రిక తిరగేస్తున్న మనకీ సంబంధం ఏమిటి? ఉందనే నేనంటాను. ఎలాగో చెప్తాను.

1982లో ఆంథొనీ కారో అనే ఇంగ్లీషు శిల్పి, రాబర్ట్ లోడర్ అనే వ్యాపారవేత్త కలిసి న్యూయార్క్ రాష్ట్రంలోని ఓ పల్లెపట్టున కళాకారుల శిబిరం నడిపారు. బ్రిటన్, అమెరికా, కెనడా మూడు దేశాల వాళ్ళూ కలిశారు గనుక దానికి ‘ట్రయాంగిల్’ అని పేరు. ఆ ఒరవడిలోనే 1997లో మన ఢిల్లీ కళాకారులు కొందరు ‘ఖోజ్’ని మొదలుపెట్టారు. ఖోజ్ అంటే వెతుకులాట. అనితా దూబే, మనీషా పరేఖ్, భారతీ ఖేర్, సుబోధ్ గుప్తా ఆ మొదటి జట్టులోని వాళ్ళు. నడిపే బాధ్యత పూజా సూద్ నెత్తికెత్తుకున్నారు. మొదటి శిబిరం ఉత్తరప్రదేశ్‌లోని మోదీనగర్‌లో జరిగింది. తరవాత కరాచీలో ‘వసల్’, ఢాకాలో ‘బ్రిటో’, కొలంబోలో ‘తీర్థ’ లాంటి సంస్థలు దీనికి తోబుట్టువుల్లా పుట్టాయి. సరిహద్దు దాటి చుట్టాన్ని చూడడానికే నానా తంటాలూ పడాల్సిన మన దేశాల్లో ఇది చిన్న సంగతి కాదు.

ఆ మోదీనగర్ శిబిరంలోనే సుబోధ్ గుప్తా ‘మా అమ్మా, నేనూ’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరుతో ఒక నిర్మాణం చేశాడు. కాన్వాసు లేదు, రంగులు లేవు. పిడకలు! పిడకలు పేర్చి గుండ్రంగా గోడ కట్టాడు. లోపల నేలమీద బూడిద పరిచాడు. చూసేవాళ్ళు అందులోకి వెళ్ళి నిలబడవచ్చు. గుప్తాది బీహారు. పాట్నాలో బొమ్మలు వేయడం నేర్చుకున్నవాడు. కొనేవాడి కోసం కాకుండా తన కోసం ఏదైనా చేసుకోమని చోటిస్తే, అతని చెయ్యి తిన్నగా అమ్మ చేతి పిడకల దగ్గరికి వెళ్ళింది. రెసిడెన్సీ చేసే మేలు ఇదే. ఏ గాలరీవాడూ అప్పుడు అతన్ని పిడకలు అడిగి ఉండడు.

పేడ అనగానే మనం ముక్కు మూసుకోనక్కరలేదు. కళ్ళాపి జల్లినవాళ్ళం, భోగికి పిడకల దండలు గుచ్చినవాళ్ళం, దాలిలో ఎర్రగా కాగిన పాల రుచి ఎరిగినవాళ్ళం. ఆ మాటకొస్తే దీని గురించి విమర్శ రాసే అర్హత పండితుల కన్నా మనకే ఎక్కువ. పిడక మీద ఐదు వేళ్ళ గుర్తు ఉంటుంది కదా, అది ఎవరి సంతకం? నన్నడిగితే ఆ కళాఖండం ముందు మొట్టమొదట వేయవలసిన ప్రశ్న అదే.

గుప్తా కంటే కొన్నేళ్ళ ముందే, 1990ల తొలినాళ్ళలో, బెంగుళూరులో షీలా గౌడ అనే చిత్రకారిణి కూడా పేడనే చేతిలోకి తీసుకుంది. బొంబాయి అల్లర్లతో దేశం అట్టుడికిన రోజులవి. రంగులతో చెప్పలేనిది పేడతో చెప్పవచ్చు అనుకుంది. తరవాత సూదుల్లో దారాలు ఎక్కించి, వాటికి కుంకుమ పట్టించి, పేగుల్లాంటి ఎర్రటి తాళ్ళు పేనింది. సూదులేమో తాడు చివర గుత్తిగా వేలాడతాయి. చూడగానే అందంగా ఉంటాయి. దగ్గరికి వెళితే గుచ్చుకుంటాయేమో అనిపిస్తుంది.

ఇద్దరిదీ పేడే. అయినా తేడా ఉంది. గుప్తా గోడ మధ్య నిలబడితే వెచ్చగా, అమ్మ ఒడిలో ఉన్నట్టుండాలి. గౌడ పనిలో అలాంటి ఊరట లేదు. కొడుక్కి పేడ అంటే అమ్మ. కూతురికి పేడ అంటే పని. తెల్లవారుజామున లేవడం, వంగిన నడుం, గోళ్ళ సందుల్లో పోని వాసన. కొడుకు జ్ఞాపకం అబద్ధమని కాదు. అది సగం నిజం. మిగతా సగం కూతురు చెప్పాలి.

గుప్తా తరవాత స్టీలు సామానుకి మారాడు. 2006లో పారిస్‌లోని ఓ చర్చిలో, 2007లో వెనిస్‌లో కాలవ ఒడ్డున, గిన్నెలూ బకెట్లూ కలిపి చేసిన అతని పెద్ద పుర్రె తళతళలాడింది. గొప్పగానే ఉంటుంది, కాదనను. కానీ అంత మెరుపులో గిన్నె తోమిన చెయ్యి కనిపించదు. మోదీనగర్ పిడకల్లో అది కనిపించేది. అందుకే నా ఓటు ఆ పిడకల గోడకే.

ఖోజ్ 2002లో దక్షిణ ఢిల్లీలోని ఖిర్కీ అనే పాత ఊరికి మకాం మార్చింది. ఖిర్కీ అంటే కిటికీయే. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో, 14వ శతాబ్దంలో కట్టిన మసీదుకున్న రాతి జాలీ కిటికీల వల్ల వచ్చిన పేరు. కట్టించిన జూనాన్ షా తండ్రి మాలిక్ మక్బూల్ ఓరుగల్లు నుంచి ఢిల్లీ చేరిన మన తెలుగువాడే సుమండీ! ఇప్పుడు ఒకవైపు పెద్ద పెద్ద మాల్స్, మరోవైపు ఇరుకు సందుల్లో బీహారు నుంచీ నేపాల్ నుంచీ ఆఫ్రికా దేశాల నుంచీ వచ్చిన కుటుంబాలు. అక్కడికొచ్చే కళాకారుడు తలుపు మూసుకుని బొమ్మ వేసుకుంటే కుదరదు. సందులోకి దిగాలి. కొందరు దిగి నిజంగానే మనుషుల్ని చూస్తారు. కొందరు పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా నాలుగు ఫోటోలు తీసుకుని, విస్తరి ఎత్తకముందే వెళ్ళిపోతారు. వచ్చినవాడు ఏం చేశాడనే కాదు, వాడు వెళ్ళాక ఆ సందుకి ఏం మిగిలిందని కూడా మనం అడగాలి.

చివరగా ఒక మాట. ఆరు వారాలు ఇల్లు వదిలి రాగలవాళ్ళకే రెసిడెన్సీ. ఏ దరఖాస్తులోనూ రాయని నియమం ఒకటుంది: ఇంట్లో అన్నం వండడానికి ఇంకొకరు ఉండాలి. మగవాడికి ఆ ఇంకొకరు దాదాపు ఎప్పుడూ ఉంటారు. పిల్లల తల్లి అయిన చిత్రకారిణికో? పిల్లల్ని వెంట తెచ్చుకోనిచ్చే రెసిడెన్సీలు కొన్ని విదేశాల్లో వచ్చాయి. అవి మన దగ్గరా విరివిగా రావాలి. పుట్టింటికి వెళ్ళే ఆడపిల్ల చంకలో బిడ్డతోనే కదా వెళుతుంది? బిడ్డని అత్తగారింట వదిలి రమ్మని ఏ తల్లీ అనదు.

అది జరిగిననాడు ఆ కూతురు చెప్పవలసిన మిగతా సగం మనకి వినిపిస్తుంది. ఆడవాళ్ళకి కిటికీలు ఎప్పుడూ ఉన్నాయి. కావలసింది గుమ్మం.