‘ఎలా’ కూతురికి, ‘ఎందుకు’ కొడుక్కి

వస్తువుల్ని అద్దాల వెనక పెట్టి ‘ముట్టుకోరాదు’ అని రాయడం మ్యూజియాల పాత అలవాటు. 1969లో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపించిన ఎక్స్‌ప్లొరేటోరియం ఆ అలవాటును కాదంది. అక్కడ మీట నొక్కాలి, చక్రం తిప్పాలి, చేత్తో తాకి చూడాలి. ‘అది ముట్టుకోకు, అక్కడ నిలబడకు’ అన్న మాటల మధ్య పెరిగే ఆడపిల్లలకు ఇది చిన్న స్వేచ్ఛ కాదు. కాని పిల్లలు ఇలాంటి చోటికి ఒంటరిగా వెళ్లరు, కుటుంబంతో వెళ్తారు. కుటుంబం ఇంటి అలవాట్లను చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి రాదు.

కెవిన్ క్రౌలీ, మరో ముగ్గురు పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఇక్కడే చూపు నిలిపింది. కాలిఫోర్నియాలో ఇలాంటి ఒక మ్యూజియంలో తల్లిదండ్రులు తమ పిల్లలతో ఏం మాట్లాడుతున్నారో వాళ్లు గమనించారు. పరికరాన్ని ఎలా వాడాలో, దాంట్లో ఏం కనిపిస్తోందో కొడుకులకీ కూతుళ్లకీ ఒకేలా చెప్పారు. అలా ఎందుకు జరుగుతోందో వివరించడం మాత్రం మగపిల్లల విషయంలో మూడు రెట్లు ఎక్కువ.

ఈ పంపకం మనకు తెలియనిదేం కాదు. పాలు తోడుపెట్టడం కూతురికి నేర్పుతాం. అవి ఎందుకు తోడుకుంటాయో చెప్పం. ఇడ్లీపిండి ఎంతసేపు నానాలో చెప్తాం. ఎందుకు పొంగుతుందో చెప్పం. పని ఆమెకి, దాని వెనకున్న సూత్రం అతనికి. సెలవురోజు సరదాగా వెళ్లిన మ్యూజియంలోనూ జరిగింది అదే.

తల్లిదండ్రులు దీన్ని అనుకోకుండానే చేస్తుండవచ్చునని పరిశోధకులు అంటారు. కావచ్చు. కాని ఎవరూ పనిగట్టుకుని చెయ్యకపోయినా జరిగిపోవడమే పితృస్వామ్యానికున్న బలం. ఆ మాటతో ఊరట పొందాల్సిందేమీ లేదు. వివరించకుండా వదిలేస్తేనే పిల్ల తనంతట తాను కనుక్కుంటుందని వాదించేవాళ్లూ ఉంటారు. అదే మేలైతే దాన్ని కొడుక్కి ఎందుకు చెయ్యరు?

సైన్స్‌లో స్త్రీలు ఎందుకు తక్కువన్న ప్రశ్నను మనం కాలేజీలనూ ప్రయోగశాలలనూ అడుగుతూ వచ్చాం. అడగాల్సిందే. అయితే బడిలో సైన్సు పాఠం మొదలుకాకముందే ఒక పాఠం అయిపోతోంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మన కుటుంబాలు ఎవరికి ఏం చెప్తున్నాయో వినే పని ఇంకెవరో చెయ్యనక్కర్లేదు, మనమే మొదలుపెట్టవచ్చు. కూతురు అడగలేదు కాబట్టి చెప్పలేదనడం జవాబు కాదు. ‘ఎందుకు’ అని అడగొచ్చని ఆమెకు తెలియాలంటే, ముందు ఆ మాట ఆమెతో ఎవరో ఒకరు అని ఉండాలి.