బస్సు ఎక్కని తనిఖీ

మొన్న మంగళవారం తార్నాకలో ఒక డ్రైవరు బస్సుని ఫుట్‌పాత్‌కి ఆనించి ఆపాడు. స్టాపు ముందు ఒక ఆటో అడ్డంగా నిలబడి ఉంది. మామూలుగా అయితే దాని పక్కనే, రోడ్డు మధ్యలో, అర నిమిషం బస్సు ఆగుతుంది. ఎక్కగలిగినవాళ్లు పరుగెత్తి ఎక్కుతారు. ఈయన అలా చేయలేదు. హారన్ కొట్టి, ఆటో కదిలేదాకా ఓపిగ్గా ఉండి, మెల్లగా లోపలికి తిప్పి, ముందు తలుపు సరిగ్గా జనం ఉన్నచోటికి వచ్చేలా ఆపాడు. చేతికర్రతో ఉన్న ఒక పెద్దావిడ రోడ్డు మీదికి దిగకుండానే ఫుట్‌పాత్ మీంచి నేరుగా మెట్టు మీద కాలు పెట్టింది. ఆవిడ కూచున్నాకే కండక్టరమ్మ రైట్ చెప్పింది.

ఈ కాలమ్ అలవాటున్నవాళ్లకి నా స్టాపు గోల కొత్త కాదు. బస్సు స్టాపులోనే ఆగాలి, స్టాపుకి ముందో దాటాకో కాదు. ఫుట్‌పాత్ పక్కన ఆగాలి. రూటు నంబరు వెనక అద్దం మీద కూడా పెద్దగా కనిపించాలి, పరుగెత్తేవాడికి కనిపించేది బస్సు వీపే కాబట్టి. ఏళ్లుగా ఇవే రాస్తున్నాను, ఇంకా రాస్తాను. అందుకే ఆ డ్రైవరు చేసిన పని చూసి ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. సాయంత్రానికి మాత్రం ఒక ప్రశ్న పట్టుకుంది. ఆయన అంత చక్కగా బస్సు ఆపాడని ఎక్కడైనా నమోదైందా?

కండక్టరు చేతిలోని టిమ్ మెషీన్‌లో పెద్దావిడ, ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికి కొట్టే ఒక జీరో టికెట్టుగా నమోదైంది. రాత్రికి డిపోలో లెక్క తేలేవి ఈపీకే, ఓఆర్, కేఎంపీఎల్. అంటే కిలోమీటరుకి ఎంత రాబడి వచ్చింది, సీట్లు ఎంతమేర నిండాయి, లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయి. సంస్థ బతకాలంటే ఈ లెక్కలు ఉండాల్సిందే, కాదనను. కానీ ఆటో కదిలేదాకా ఇంజిను నడుస్తూనే ఉంది. లోపలికి తిప్పి మళ్లీ బయటికి తీయడానికి ఇంకొంచెం ఖర్చయింది. ఆ మంచిపనికి కాగితం మీద మిగిలిన గుర్తు కాస్త ఎక్కువ కాలిన డీజిలు, అంతే.

కాబట్టి, ఎవరో తెలియని మనిషి ఒకరు మామూలు ప్రయాణికుడిలా ఎక్కి, టికెట్టు సంగతి కాకుండా ఇలాంటివన్నీ చూసి రాసుకుంటే ఎంత బాగుంటుంది అనిపించింది. 2021 సెప్టెంబరులో ఆర్టీసీ ఎండీగా కొత్తగా వచ్చిన సజ్జనార్ లక్డీకాపూల్‌లో సిటీ బస్సెక్కి, ఎవరికీ చెప్పకుండా టికెట్టు తీసుకుని ఎంజీబీఎస్ దాకా వెళ్లారని చదివి అప్పట్లో మనమంతా మెచ్చుకున్నాం. ఇప్పటికీ మెచ్చుకుంటాను. పెద్ద కుర్చీలో కూచునే మనిషికి కడ్డీ పట్టుకుని నిలబడటం ఎలా ఉంటుందో తెలియాలి. అయితే ఎండీ రోజూ ఎక్కలేరు కదా. రోజూ ఎక్కే మనుషులు కావాలి.

లండన్‌లో ఈ పని పద్ధతిగా చేశారు. అక్కడ బస్సులు నడిపేది ప్రైవేటు కంపెనీలు. రూట్లు, వేళలు, ఛార్జీలు నిర్ణయించేది మాత్రం ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ అనే ప్రభుత్వ సంస్థ. కంపెనీకి డబ్బిచ్చి బస్సు నడిపించుకునేటప్పుడు అది ఎలా నడుస్తోందో తెలుసుకోవాలి. అందుకని శిక్షణ పొందిన మనుషులని ప్రయాణికుల్లా బస్సులెక్కించి, డ్రైవరు కుదుపు లేకుండా నడిపాడా, ఫుట్‌పాత్ పక్కన ఆపాడా, మర్యాదగా మాట్లాడాడా, సీట్లు శుభ్రంగా ఉన్నాయా అని మార్కులు వేయించారు. బస్సులో ఆ మనిషి ఎవరో డ్రైవరుకి తెలియదు.

ఈ పని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మా చిన్నాన్న గుర్తొస్తాడు. విజయనగరం చుట్టుపక్కల రోడ్ల మీద ఇంకా ప్రైవేటు బస్సులు తిరిగే రోజుల్లో ఆయన ఒక షావుకారు దగ్గర పనిచేశాడు. ఆయన పని బస్సెక్కడమే. షావుకారు బస్సుల్లోనే, షావుకారు మనిషినని తెలియకుండా, గజపతినగరం, రామభద్రపురం, బొబ్బిలి తిరిగి, కండక్టరు ఎంతమంది దగ్గర డబ్బు తీసుకుని టికెట్టు కొట్టలేదో రాత్రికి చెప్పాలి. వేసవి సెలవుల్లో నన్ను వెంట తీసుకెళ్లేవాడు. పిల్లాడు పక్కనుంటే ఎవరూ అనుమానించరు. ఆ సంగతి నాకు అర్థమైంది చాలా పెద్దయ్యాక.

ఆ పనిలో ఆయన నేర్పు చెప్పుకోదగ్గది. వెనక వరసలో ఎప్పుడూ కూచునేవాడు కాదు. తప్పుచేసే కండక్టరు కళ్లు ముందు అక్కడికే పోతాయట. మధ్యలో, చక్రం మీద ఎత్తుగా ఉండే సీటు ఆయనకిష్టం, అక్కడినుంచి రెండు తలుపులూ కనిపిస్తాయి. చేతిలో టికెట్టుని ఎప్పుడూ పరీక్షగా చూసేవాడు కాదు. బస్సుకి ఎదురుగా వెళ్లి ఎక్కడు, ఎప్పుడూ కాస్త ఆలస్యంగా వచ్చినవాడిలా ఎక్కుతాడు. సంచీలో రామభద్రపురం సంతలో కొన్న వంకాయలో బీరకాయలో తప్పనిసరి. కాగితం, పెన్సిలు ముట్టుకోడు. కుడి జేబులో వేరుశనగ గింజలు ఉండేవి. టికెట్టు లేకుండా దిగిన మనిషి ఒకరు కనిపిస్తే ఒక గింజ ఎడమ జేబులోకి మారేది. దిగువ స్టేజీకి కొట్టిన టికెట్టు పై స్టేజీ మనిషికి ఇస్తే పొట్టు తీసిన గింజ మారేది. ఆ గింజలు అడగకూడదని నాకు ఇంటి దగ్గరే గట్టిగా చెప్పేవాడు. రాత్రి షావుకారు అరుగు మీద ఎడమ జేబు బోర్లించి లెక్క చెప్పేవాడు.

ఆయన కళ్లు గింజల దగ్గర ఆగేవి కావు. ఆ దారిలో ఏ డ్రైవరు బడిపిల్లల కోసం గేటు దగ్గర ఒక నిమిషం ఆగుతాడో, ఎవరు వంతెన మీద వేగం తగ్గించడో, ఏ కండక్టరు గంపలమ్మని కసురుతాడో, ఏ కండక్టరు తనే దిగి ఆమె గంప టాపు మీదికి అందిస్తాడో అన్నీ ఆయనకి తెలుసు. ఒకసారి నా ముందే షావుకారుతో ఆ గంప ఎత్తిన కండక్టరు గురించి చెప్పబోయాడు. "అవన్నీ నీకేటికి? టిక్కెట్టు లెక్క చెప్పు" అన్నాడాయన. చిన్నాన్న మళ్లీ చెప్పలేదు. ఆ కండక్టరు రెండు గింజల మనిషే. అంటే ఆ రోజు ఇద్దరిని టికెట్టు లేకుండా దింపాడు. ఇద్దరూ కూలీలు, చేతిలో సగం డబ్బులే ఉన్నాయని చిన్నాన్నకి తెలుసు. షావుకారుకి చేరినవి మాత్రం రెండు గింజలే.

చివరికి ఆ ఉద్యోగం ఎలా పోయిందో కూడా చెప్పాలి. రోజూ ఒకే రోడ్డు మీద తిరిగే మనిషి ఎన్నాళ్లు దాగుతాడు? ముందు కండక్టర్లకి తెలిసింది, తర్వాత ప్రయాణికులకి, ఆఖరికి రామభద్రపురం టీ దుకాణంలో పిల్లాడికి కూడా. ఆయన ఎక్కగానే బస్సంతా టికెట్లు పద్ధతిగా తెగేవి. ఆయన వల్ల ఇక ఉపయోగం లేదని షావుకారు మాన్పించాడు. ఆ తర్వాతే చిన్నాన్న ఆ డ్రైవర్లతో, కండక్టర్లతో కూచుని టీ తాగడం మొదలుపెట్టాడు. వంతెన మీద వేగం తగ్గించని డ్రైవరుని ఎందుకలా అని అడిగితే, అవతలి గట్టు ఎక్కేటప్పుడు గేరు మారిస్తే ఆ పాత ఇంజిను ఆగిపోతుందని, నిండు బస్సుతో గట్టు మధ్యలో ఆగితే వెనక్కి జారుతుందని చెప్పాడట. అన్నాళ్లు ఆ బస్సులో కూచుని, అన్ని గింజలు మార్చి, ఈ సంగతి ఎన్నడూ తెలియలేదని చిన్నాన్న బాధపడ్డాడు. ముసుగులో ఉన్నంతకాలం అడిగే వీలు లేదు కదా.

తార్నాక దగ్గర మొదలైన నా ఆలోచన ఇక్కడికొచ్చాక దారి మారింది. డబ్బు కాజేస్తున్నారా లేదా అన్నది దాగి చూడాల్సిన విషయమే, కనిపిస్తే కాజేయరు గనక. ఫుట్‌పాత్ పక్కన ఆపడం అలాంటిది కాదు. తనిఖీ మనిషి ఉన్నాడని తెలిసి డ్రైవరు బస్సుని దగ్గరికి తెచ్చాడే అనుకుందాం. పెద్దావిడ క్షేమంగానే ఎక్కింది కదా, నష్టమేముంది? దగ్గరికి తేలేకపోతే ఎందుకు తేలేదో అక్కడికక్కడే అడగొచ్చు. ఆటోలు అడ్డమా, స్టాపు మలుపులో కట్టారా, ఫుట్‌పాతే లేదా, ఒక ట్రిప్పుకి ఇచ్చిన వేళ చాలడం లేదా? డ్రైవరు నోటి నుంచి వచ్చే ఈ జవాబులు ఏ రహస్య నివేదికలోనూ దొరకవు. బస్సు లోపలి తనిఖీ బాహాటంగానే ఉండాలని ఇప్పుడు నా అభిప్రాయం. అడగడానికే ఉండాలి, దొరకబుచ్చుకోవడానికి కాదు.

మరి రహస్యం అక్కర్లేదా? కావాలి, కానీ బస్సులో కాదు. బస్సు లోపల కూచున్న మనిషికి, మారువేషంలో ఉన్నా, ఎక్కినవాళ్లే కనిపిస్తారు. ఎక్కలేక మిగిలిపోయినవాళ్లు కనిపించరు. నగర సర్వీసు నాణ్యతలో సగం వాళ్ల దగ్గరే ఉంది.

లండన్ వాళ్లు పెట్టుకున్న లెక్కల్లో నాకు ఎక్కువ నచ్చినది ఇక్కడే పనికొస్తుంది. అదనపు నిరీక్షణ అంటారు దాన్ని. పది నిమిషాలకొక బస్సు ఉన్న రూట్లో, వేళ చూసుకోకుండా స్టాపుకొచ్చిన మనిషి సగటున ఐదు నిమిషాలు నిలబడాలి. రెండు బస్సులు ఒకదాని తోక పట్టుకుని ఒకటి, ఇరవై నిమిషాలకోసారి కలిసి వచ్చాయనుకోండి. అదే మనిషి సగటున పది నిమిషాలు నిలబడతాడు. ఐదు నిమిషాలు అదనం. కాగితం మీద రెండు ట్రిప్పులూ తిరిగాయి, కిలోమీటర్లు పూర్తయ్యాయి, వేబిల్లు నిండింది. ముందు బస్సులో ఊపిరాడదు, వెనక బస్సులో సీట్లు ఖాళీ. వెనక బస్సులో కూచున్న తనిఖీదారు సర్వీసు హాయిగా ఉందని రాస్తాడు. లండన్‌లో 2001లో తెచ్చిన కాంట్రాక్టుల్లో వేళ తప్పకుండా నడిపితే కాంట్రాక్టు ధరలో 15 శాతం దాకా బోనస్, తప్పితే 10 శాతం దాకా కోత పెట్టారు. బస్సులు తరచుగా తిరిగే రూట్లలో ఆ వేళని కొలిచింది ఈ అదనపు నిరీక్షణతోనే. అందుకోసం మొదట్లో మనుషులే రోడ్డు పక్కన నిలబడి బస్సుల వేళలు రాసుకునేవారు. తర్వాత బస్సు జాడ చెప్పే పరికరాలు వచ్చి ఆ పని తీసుకున్నాయి.

మనకీ 2023 నుంచి గమ్యం యాప్ ఉంది, బస్సు ఎక్కడుందో ఫోనులో కనిపిస్తోంది. కాబట్టి అదనపు నిరీక్షణ లెక్క కట్టడం అసాధ్యమేమీ కాదు. రూటు వారీగా ఆ అంకెని నెలకోసారి బయటపెట్టాలని అడుగుతున్నాను. 5కే ఎంత, 219 ఎంత, 127కే ఎంత అని మెహదీపట్నంలోనో పటాన్‌చెరులోనో కొండాపూర్‌లోనో నిలబడే మనిషికి తెలియాలి. ఇది ఇవాళ్టి నుంచి నా కొత్త గోల, పాతవాటితో పాటు తరచూ వింటారు.

పరికరానికి తెలియనిది ఒకటుంది. బస్సు స్టాపు దాటిందని చెప్పగలదు, అవతలి వరసలోంచి ఆగకుండా దాటిందో, చెయ్యెత్తిన మనిషి కోసం ఆగి దాటిందో నాకు తెలిసి దానికి చెప్పడం కష్టం. రాత్రి తొమ్మిది దాటాక స్టాపులో ఒక్క ఆడమనిషే నిలబడి ఉంటే బస్సు ఆగిందా? చక్రాల కుర్చీలో ఉన్నాయన చెయ్యెత్తితే ఆగిందా? 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకి మహాలక్ష్మి ఉచిత ప్రయాణం మొదలైనప్పటినుంచి ఇంకో ప్రశ్న కలిసింది. ఆడవాళ్లే ఉన్న స్టాపుకీ మగవాళ్లున్న స్టాపుకీ ఆగడంలో తేడా ఉందా? ఉందనీ లేదనీ రెండు మాటలూ ఊళ్లో వినిపిస్తున్నాయి. ఊరి మాటల మీద ఏ డ్రైవరునీ అనకూడదు, ఏ ప్రయాణికురాలినీ కొట్టిపారేయకూడదు. ఇక్కడ రహస్యం న్యాయం. ఎవరో తెలియని మనుషులు, ఆడవాళ్లూ ముసలివాళ్లూ చేతికర్రవాళ్లూ, స్టాపులో నిలబడి చెయ్యెత్తాలి. ఏ బస్సు ఆగింది, ఏది ఆగలేదు, ఎంత దూరంలో ఆగింది అని రాసుకోవాలి. ఆ లెక్క డ్రైవరు పేరు మీద పోకూడదు, రూటు పేరు మీద, స్టాపు పేరు మీద పోవాలి. పేరు మీద పోతే మళ్లీ షావుకారు అరుగు మీద గింజలే అవుతాయి.

ఒక్క డిపోలో, ఒక్క రూట్లో మొదలుపెట్టినా చాలు. స్టాపులో నిలబడేవాళ్లని ప్రయాణికుల్లోంచే తీసుకోవచ్చు. బస్సు లోపల కూచుని అడిగే పనికి మాత్రం రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు కావాలి. వాళ్లని అందరూ గుర్తుపడతారు, గుర్తుపట్టనివ్వండి. "ఇక్కడ లోపలికి తేవడానికి నీకేం అడ్డం బాబూ" అని అడిగే హక్కు వాళ్లకుంది, వాళ్లకి నిజం చెప్పడానికి ఎవరూ జంకరు. వచ్చిన జవాబులు డిపో మేనేజరు బల్ల దగ్గర ఆగకూడదు. ఆటోలని తీయించేది ట్రాఫిక్ పోలీసులు, ఫుట్‌పాత్ వేసేది నగరపాలక సంస్థ. ఆ కాగితం ముందు వాళ్లకి వెళ్లాలి, ఏ స్టాపుకి ఏం చేశారో మూడు నెలల్లో చెప్పమని వాళ్లనే అడగాలి.