నడిమి సీటు నుంచి నాలుగు మాటలు

కార్ల గురించి విమర్శలు రాసే పెద్దలు చాలామంది స్టీరింగు ముందు కూచునే రాస్తారు. ఇంజను ఎంత లాగుతుంది, మలుపులో ఎలా తిరుగుతుంది, లీటరుకెంత ఇస్తుంది - అన్నీ చెబుతారు. వెనక సీట్లో నడిమిన ఇరుక్కున్న మనిషి మోకాళ్ళు ఎక్కడ పెట్టుకుందో మాత్రం చెప్పరు. ఆ మనిషి సాధారణంగా మనమే గనక, ఆ పని నా మీద పడింది.

సంగతేమిటంటే, మావారు పాత కారు మార్చి హైబ్రిడ్ కారు కొందామన్నారు. అంటే పెట్రోలు ఇంజనూ, కరెంటు మోటారూ రెండూ ఉన్న బండి. దీనికి ఇంట్లో ప్లగ్గు పెట్టక్కర్లేదు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిలో కొంత పట్టి బ్యాటరీలో దాచుకుంటుంది. ఊళ్ళో మెల్లగా పోయేటప్పుడు ఆ దాచిందే ఖర్చు పెడుతుంది. పోపులడబ్బాలో చిల్లర దాచే ఇల్లాలి పద్ధతే! 1997లో జపానులో టయోటా వాళ్ళు ప్రియస్ పేరుతో అమ్మకానికి పెట్టిన ఈ ఉపాయం ఇప్పటికి మన నరసరావుపేట సందుల్లోకీ వచ్చింది.

కారు కొనడంలో నాకున్న పట్టింపు వేరు. మా అత్తయ్యగారి పుట్టిల్లు మాచర్ల. రెండేళ్ళుగా ఆవిడ ఆ ఊరి మాటే ఎత్తడం లేదు. చెన్నకేశవస్వామి ఉత్సవాలకు రమ్మని తమ్ముడు కబురంపినా, "నాకక్కడేం పనిలేవే" అనేస్తున్నారు. వైరాగ్యం కాబోలనుకున్నాను. ఒకరోజు పాత కారు దిగుతూ తలుపు పట్టుకుని కళ్ళు మూసుకోవడం చూశాక గాని తెలియలేదు, అది వైరాగ్యం కాదు, మోకాళ్ళని.

అంచేత ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకుని షోరూముకు వెళ్ళాను. అక్కడి కుర్రాడు మావారికే మైలేజీ చెబుతున్నాడు. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ కంపెనీ లెక్కన లీటరుకు 27.97 కిలోమీటర్లు, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ 23.24. మావారి ముఖం వెలిగిపోయింది. "బ్యాటరీ ఎక్కడ పెట్టారు నాయనా?" అన్నాను. "డిక్కీ వైపు మేడమ్" అని నసిగాడు.

అదండీ కిటుకు! కొన్ని బండ్లలో పెట్రోలు మిగులు వారి పద్దులో పడుతుంది, తగ్గిన చోటు మన పద్దులో పడుతుంది. మామూలు గ్రాండ్ విటారా డిక్కీ 373 లీటర్లయితే, స్ట్రాంగ్ హైబ్రిడ్ రకానిది 265. హోండా సిటీలో పెట్రోలు రకానికి 506 లీటర్లు, హైబ్రిడ్ రకానికి 306. రెండు వందల లీటర్లంటే మనింటికొచ్చే ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాన్లు పది! పెళ్ళికి వెళ్ళేటప్పుడు ఆ పది క్యాన్ల సామానూ ఎక్కడికి పోతుంది? వెనక సీట్లో మన కాళ్ళ కిందికే వస్తుంది. కాబట్టి డిక్కీ తగ్గడమంటే సీటు తగ్గడమే.

ఇక సీట్ల సంగతి. రెండు చక్రాల నడుమ దూరం ఎక్కువైతే లోపల చోటెక్కువని చెబుతారు. అది సగం నిజం. హైక్రాస్‌లో ఆ దూరం 2,850 మిల్లీమీటర్లు, పాత ఇన్నోవా క్రిస్టా కంటే 100 ఎక్కువ, అంటే ఒక బెత్తెడు. గ్రాండ్ విటారాకూ హోండా సిటీకీ సరిగ్గా ఒకటే, 2,600. మరి రెండింట్లో కూచోవడం ఒక్కలాగే ఉంటుందా? ఉండదు. 2014లో తయారీ ఆగిపోయిన మన అంబాసిడర్‌కు 2,464 మాత్రమే. అయినా పెళ్ళివారంతా అందులోనే సర్దుకునేవారు. సీటు ఎత్తుగా, బల్లపరుపుగా, సోఫాలా ఉండేది గదా! కొలబద్ద నేల పొడవు చెబుతుంది గాని, కూచున్న మనిషి సుఖం చెప్పదు.

అందుకే అత్తయ్యగారినే కొలబద్ద చేసుకున్నాను. సిటీ లాంటి సెడాన్ రకంలో కాళ్ళు చాపుకోవచ్చు, కానీ సీటు నేలకు దగ్గర. కూచునేటప్పుడు కిందికి జారాలి, లేచేటప్పుడు బరువంతా మోకాళ్ళ మీదే. గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటి ఎత్తు బండ్లలో సీటు దాదాపు తుంటి ఎత్తులో ఉంటుంది. వెనక్కి తిరిగి కూచుని కాళ్ళు లోపలికి తిప్పుకుంటే సరి. ఇక ఏడుగురి బండ్లలో మూడో వరస చాలావాటికి దిండు నేలబారుగా ఉంటుంది. అక్కడ కూచోవడం గొంతుక్కూచోవడమే. పిల్లలకు సరదా, పెద్దలకు శిక్ష. హైక్రాస్ రెండో వరసలో విడివిడిగా రెండు కుర్చీలున్న రకం మాత్రం వయసు మళ్ళినవారికి దివ్యంగా ఉంటుంది. ధరే దివ్యంగా ఉండదు.

నడిమి సీటు సంగతి చెప్పనే లేదు. చాలా కార్లలో నడుమ వీపు భాగంలో మడతచెయ్యి దాచి ఉంటుంది. అందుకే అక్కడ దూది పల్చన, గట్టి ఎక్కువ. పైగా కింద గట్టు ఉంటే పాదాలు చెరో పక్కకీ. ఈ రాజ్యాంగం మారనంత కాలం "అయిదుగురు హాయిగా" అన్న ప్రకటనను నలుగురూ, ఒక ఇల్లాలూ అని చదువుకోవాలి.

హైబ్రిడ్‌ను మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోకపోతే పాపం. మామూలు పెట్రోలు కారులో ఏసీని తిప్పేది ఇంజనే. ఈ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో ఏసీ కరెంటు మీద నడుస్తుంది. రైలు గేటు దగ్గర ఇంజను ఆగినా చల్లదనం ఆగదు. రెంటచింతల ఎండ ఎరిగినవారికి ఇది ఎంత సుఖమో వేరే చెప్పాలా? చప్పుడు లేకపోవడంతో వెనక కూచున్నవారి మాట ముందు కూచున్నవారికి వినిపిస్తుంది కూడా. ఇది అందరికీ సుఖమేనా అంటే, మావారినడగాలి.

కాబట్టి నా తీర్పు ఇది. నలుగురే అయితే ఎత్తు బండి చాలు, డిక్కీ ముందే చూసుకోండి. ఆరుగురైతే, డబ్బుంటే, రెండో వరస కుర్చీలు చూసి కొనండి. ఏదైనా సరే, ఇంట్లో పెద్దావిణ్ణి ముందు కూచోబెట్టండి. అయిదుసార్లు ఎక్కించి దించండి. నడిమి సీటుకు బెల్టూ, తల ఆనించుకునే దిండూ ఉన్నాయో లేదో చూడండి. మీ ఊరగాయ జాడీలున్న అట్టపెట్టె డిక్కీలో పెట్టి మరీ చూడండి. కుర్రాడు నవ్వితే నవ్వనివ్వండి.

మేమే బండి కొన్నామో చెప్పను, ప్రచారమనుకుంటారు. ఎత్తు రకమే. మొదటి ప్రయాణం మాచర్లకు. మా అబ్బాయి నడిపాడు, ముందు సీటు అత్తయ్యగారిది. నడిమి సీటు మావారికిచ్చాం. పిడుగురాళ్ళ దాకా మైలేజీ గురించి మాట్లాడారు. గురజాల వచ్చేసరికి మాట మాని మోకాళ్ళు సర్దుకోసాగారు. "ఇక్కడింత గట్టిగా ఉందేమిటే?" అన్నారు రెంటచింతలలో. ఇరవై ఏళ్ళుగా నేను చెబుతున్న మాటే అది.

చెన్నకేశవస్వామి గుడి వీధిలో కారాగింది. నేను చుట్టూ తిరిగి చెయ్యందిద్దామని వచ్చేసరికి అత్తయ్యగారు తలుపు తీసుకుని, రెండు పాదాలూ నేలమీద పెట్టి, లేచి నుంచుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నారు.

లీటరుకెంతొచ్చిందో చూడడం ఆ రోజు మావారు మరిచిపోయారు.