‘ఫీడ్’ అను క్రియ: మేపుటయా, కాయుటయా?

యోహాను 21:15-17 మీద తెలుగులో వెలువడుచున్న ప్రసంగ సహాయములు పెక్కు ఇంగ్లీషు వ్యాఖ్యానముల నీడలో వ్రాయబడినవి. ‘ఫీడ్’ అనగా వాక్యాహారము పెట్టుట గనుక ప్రసంగమే కాపరి పని అని అవి తేల్చును. ఈ తీర్పు ఇంగ్లీషు క్రియ మీద నిలిచినదే గాని మూలము మీద నిలిచినది కాదని మా అభిప్రాయము.

1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదము మూడు వచనములలోను ‘ఫీడ్’ అనియే ఉంచెను. గ్రీకులో 15, 17 వచనములయందు ‘బోస్కో’, 16లో ‘పొయిమైనో’ కలవు. 1881 నాటి ఇంగ్లీషు సవరణ ఈ భేదమును గుర్తించెను. మన తెలుగు బైబిలులో ‘మేపు’, ‘కాయు’, మరల ‘మేపు’ అని స్పష్టముగా ఉన్నది. ఇంట ఉన్న దానిని విడిచి పొరుగింట అప్పు చేయనేల? యోహాను శైలి కొరకే పదములు మార్చెనను పండితులు కలరు. వారి మాటను త్రోసివేయలేము. అయితే ఆ రెండు పనులు ‘ఫీడ్’ అను మాట పుట్టుకలోనే కలిసియున్నవి.

ఈ క్రియ ప్రాచీన ఇంగ్లీషు ‘ఫేడన్’ నుండి, అది ఆహారమను అర్థముగల ‘ఫోడా’ నుండి వచ్చెను. నేటి ‘ఫుడ్’ అదియే. వీటి వెనుకనున్న ఇండో-యూరోపియన్ ధాతువునకు కాచుట, మేపుట రెండును అర్థములే. లాటిను ‘పాస్టర్’ దాని సంతానము. సంస్కృతమున ‘పా’ అనగా రక్షించుట; గోపాలుడు, యోహాను 10:3లోని ద్వారపాలకుడు అందుండి వచ్చినవారే. పాతబస్తీ దేవిడీల వాకిట నిలిచిన దర్బాను పేరులోని ‘బాన్’ సహితము పారసీకము గుండా వచ్చిన ఆ ధాతువే. పాస్టరును దర్బానును చుట్టములన్నమాట!

ఇంగ్లీషు ఒకే క్రియతో సరిపెట్టుకొన్న ఇతర స్థలములను చూడుడి. మత్తయి 6:26లో తెలుగు ‘పోషించు’ అనును, రోమా 12:20లో ‘భోజనము పెట్టు’ అనును. ఈ రెండవ చోట గ్రీకు ‘ప్సోమిజో’, అనగా ముద్దలుగా తినిపించుట. శత్రువునకు గోరుముద్దలు! ‘ఫీడ్’ అనుటలో ఈ ఘాటు లేదు.

పాతబస్తీలో తెలుగువారు మక్కా మసీదు పావురములకు గింజలు వేయుదురు, బిడ్డకు తినిపింతురు, అతిథికి భోజనము పెట్టుదురు. మనిషిని ‘మేపుచున్నాను’ అంటిరా, అది నిందయే. ఉర్దూ సహితము ‘చరానా’ను ‘ఖిలానా’ను వేరుగానే ఉంచును. కావున ఆదివారపు ప్రసంగముతో మంద మేయుట ముగిసినదనువారు పురానాపూల్ దగ్గరి జియాగూడ గొఱ్ఱెల మండీకి ఒకమారు వెళ్లి రావలెను. అక్కడి గొఱ్ఱెలకును మేత వేయుదురు. కాయువాడు మాత్రము లేడు.