అష్టూరులో అద్దం పట్టేవారు

బీదర్‌కు తూర్పున అష్టూరులో, 1436లో కన్నుమూసిన బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ సమాధి ఉంది. లోపల గోడలూ గుమ్మటమూ చిత్రలేఖనమే: సింధూరం, నీలం, బంగారు రంగుల్లో లతలు, వాటి నడుమ కిర్మాను సూఫీ షా నిమతుల్లా బోధలు.

కానీ లోపల చీకటి. చూపించేవారు అద్దంతో బయటి ఎండను పట్టి లోపలికి మళ్లిస్తారు. వెలుగు ముందు ఎక్కడ పడాలి, ఏ అక్షరం దగ్గర ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు మాట ఆపి చూడనివ్వాలి? ఆ పనితనానికే నేను దండం పెడతాను. ఫొటో తీసేవారికీ అదే పాఠం: ఎదురుగా ఫ్లాష్ కొడితే రంగులు పాలిపోతాయి, పక్కనుంచి జారే ఎండలో బంగారు గీత పైకి లేస్తుంది.

హైదరాబాద్ రాజ్యపు పురావస్తు శాఖను నడిపిన గులాం యాజ్దానీ 1947లో బీదర్ కట్టడాలపై పెద్ద గ్రంథమే వెలువరించారు. అది చదివి వెళ్తే మంచిదే. అయినా ఇక్కడికి చదవనివాళ్లే ఎక్కువ వస్తారు. ఉరుసుకు ముస్లిములతో పాటు లింగాయతులూ వస్తారు, ఈ సుల్తానులో తమ శివశరణుడు అల్లమప్రభువును చూస్తారు. వాళ్లందరికీ చిత్రకళ మీద తొలి ఉపన్యాసం ఇచ్చేది ఈ అద్దం పట్టిన మనిషే. మ్యూజియం వేదికల మీద పండితుడికి దక్కే గౌరవం, పారితోషికం ఇతనికీ దక్కాలి.