శిలాసంగ్రాహకుని నిష్ఠ

ఉత్తర అండమానున డిగ్లీపూరు చేరువ 732 మీటర్ల యెత్తున నిలిచిన శాడిల్ పీక్ పరిసరములందు, ఒకానొకప్పుడు సాగరగర్భమున పరచుకొనియుండి భూఫలకముల యొరిపిడిచేత పైకి నెట్టబడిన శిలలు, దట్టమైన యడవి క్రింద నేటికిని దాగియున్నవి. అట్టి శిలాజాతిలోనిదే సర్పెంటైను. ఆకుపచ్చని చాయతో, తాకిన జిడ్డుదేరినట్లు నున్ననై, నడుమనడుమ నల్లని రేణువులు కలిగియుండును.

సామాన్యుడు దాటిపోవు నారేణువు కడనే ఖనిజసంగ్రాహకుడు ఆగును. ఇట్టిదానిని మెరుగుపూత లేని తెల్లని పింగాణీ పెంకుమీద గీయగా గోధుమవన్నె చార పడినచో అది క్రోమైటు. నల్లని చార పడి, అయస్కాంతమునకు గట్టిగా నంటుకొనినచో మాగ్నెటైటు. ఇంతటి నిర్ణయమునకు పగిలిన పింగాణీ ముక్క చాలుట యీ విద్యయందు నన్ను మిక్కిలి ముగ్ధుని జేయు విషయము.

శాడిల్ పీక్ జాతీయోద్యానము. అచటి రాయి అచటనే యుండవలెను. కావున ఉత్తముడైన సంగ్రాహకుడు అందు సుత్తి నెత్తక, భూతద్దముతో చూచి, వ్రాసికొని, రిక్తహస్తములతో కొండ దిగును. ఆ సంయమనమును వాని నైపుణ్యముకన్న నెక్కువగా గౌరవింతును.

అనుమతిగల తావున సేకరించిన రాతికైనచో, కనబడని మూల తెల్లరంగు చుక్క పెట్టి, నల్లసిరాతో సంఖ్య వేసి, దొరకిన చోటు, తేదీ, పొరుగునున్న శిల యేదియో పుస్తకమున నెక్కించును. గూడూరు అభ్రకమునకైనను, మంగంపేట ముగ్గురాతికైనను ఆ సంఖ్య చెరిగిపోయినచో, అలమారలో వన్నె మిగులును గాని శాస్త్రమునకు సాక్ష్యము మిగులదు.